ఎస్‌బిన్ కమాండ్లు దొరకనప్పుడు: సుడోనా, పాత్ మార్చడమా, లింకు పెట్టడమా?

డెబియన్ లైనక్స్ వేసిన మెషిన్‌లో మామూలు యూజర్‌గా లాగిన్ అయి, డిస్కుని విభజించే ఎఫ్‌డిస్క్ అనో యూజర్ అకౌంట్లు మార్చే యూజర్‌మాడ్ అనో కొట్టండి. ఇలాంటి అడ్మిన్ ప్రోగ్రాములు ఉండే డైరెక్టరీయే ఎస్‌బిన్. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. అదే కమాండు ఉబుంటులో కొడితే ప్రోగ్రాం మొదలవుతుంది. నీకు అధికారం లేదు పొమ్మన్నా, దొరకడం మాత్రం దొరుకుతుంది. విజయనగరం, శ్రీకాకుళం ల్యాబుల్లో పిల్లలు ఇక్కడే తికమక పడుతుంటారు. ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ల్యాబులో డెబియన్, ప్రాజెక్టు సర్వర్ మీద ఆల్మా లైనక్సో రాకీ లైనక్సో ఉంటుంది. కొట్టేది ఒకే కమాండు, మూడు చోట్లా మూడు జవాబులు. పక్కవాణ్ణి అడిగితే ముందర సుడో తగిలించమంటాడు, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం ఉన్న రూట్ అకౌంటు పేరుతో నడపమంటాడు. సీనియర్ని అడిగితే బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో పాత్ మార్చే ఒక లైను పెట్టమంటాడు. ఇంకొకరు అసలు ఫైలుని చూపించే మారుపేరు, అంటే లింకు, పెట్టేస్తే సరి అంటారు. మూడింటితోనూ ఆ పూటకి పని జరిగిపోతుంది. కానీ ఆ కమాండు ఎవరు నడుపుతారు, రేపు ఆ మెషిన్ ఎవరు చూసుకుంటారు అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే మూడింటిలో ఏది సరైనదో చాలామటుకు తేలిపోతుంది. ఈ వ్యాసంలో ఆ తేల్చే పని చేద్దాం.

ముందు అసలు సంగతి. మీరు ఒక కమాండు పేరు కొట్టగానే షెల్, అంటే కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాం, డిస్కంతా గాలించదు. పాత్ అనే వేరియబుల్‌లో ఉన్న డైరెక్టరీలను వరసగా, ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతుంది. మొదట ఎక్కడ ఆ పేరు కనబడితే దాన్ని నడుపుతుంది. డెబియన్‌లో మామూలు యూజర్ పాత్‌లో /యూఎస్ఆర్/లోకల్/బిన్, /యూఎస్ఆర్/బిన్, /బిన్, వాటితోపాటు ఆటల డైరెక్టరీలు ఉంటాయి. ఎస్‌బిన్ ఉండదు. రూట్ పాత్‌లో మాత్రం /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /ఎస్‌బిన్ మూడూ ఉంటాయి. ఉబుంటు వాళ్ళు /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ ఫైల్లోనే ఎస్‌బిన్లను కూడా చేర్చి అందరికీ ఒకే పాత్ ఇచ్చారు. ఇంట్లో దొరికిన కమాండు ల్యాబులో దొరక్కపోవడానికి కారణం అంతే. ప్రోగ్రాం రెండు చోట్లా ఉంది, వెతికే జాబితాలే వేరు.

ఎస్‌బిన్ అంటే తాళం వేసిన గది అనే నమ్మకం చాలామందిలో ఉంది. అది తప్పు. పెళ్ళింట్లో వంట సామాన్ల గదికి తాళం ఉండదు, పంక్తిలో కూర్చున్నవాళ్ళకి అక్కడ పనిలేదు కాబట్టి ఎవరూ అటు వెళ్ళరు. ఇదీ అంతే. /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లో ఉన్న దాదాపు ప్రతి ఫైలునీ ఎవరైనా నడపొచ్చు. ఎల్ఎస్ కమాండుకి మైనస్ ఎల్ ఇచ్చి చూస్తే అనుమతుల వరసలో చివరి ఎక్స్ కూడా కనబడుతుంది. నెట్-టూల్స్ ప్యాకేజీ వేసి ఉంటే, /యూఎస్ఆర్/ఎస్‌బిన్/ఐఎఫ్‌కాన్ఫిగ్ అని పూర్తిగా కొడితే మామూలు యూజర్‌కి కూడా నెట్‌వర్క్ అడ్రసులు చూపిస్తుంది. వాటిని మార్చబోతే అప్పుడు ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్ అడ్డుపడుతుంది. కాపలా కాసేది కెర్నల్, డైరెక్టరీ పేరు కాదు. కాబట్టి "పిల్లలకి ఎస్‌బిన్ పాత్‌లో ఇస్తే సిస్టం పాడుచేస్తారు" అనే భయానికి ఆధారం లేదు. పాత్‌లో లేకపోతే పాడుచేయలేరు అనే ధైర్యానికి అంతకన్నా లేదు.

మరి ఈ విభజన దేనికి? 1970ల మొదట్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-11 మీద యునిక్స్ రాస్తున్న రోజుల్లో మొదటి డిస్కు నిండిపోయింది. యూజర్ల ఫైళ్ళు ఉండే రెండో డిస్కు /యూఎస్ఆర్. ప్రోగ్రాములు దాని మీదకి కూడా పొర్లాయి. అప్పటినుంచి /బిన్ ఒకటి, /యూఎస్ఆర్/బిన్ ఒకటి. మెషిన్ లేచేటప్పుడు రెండో డిస్కు ఇంకా మౌంట్ అయి, అంటే వాడకానికి జతపడి, ఉండదు కాబట్టి, దాన్ని మౌంట్ చేసే ప్రోగ్రాములూ, దెబ్బతింటే బాగుచేసే ప్రోగ్రాములూ మొదటి డిస్కు మీదే ఉండాలి. డిస్కుని సరిచూసి బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే లాంటివి /ఎస్‌బిన్‌లో ఉండటానికి కారణం ఇదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మనందరికీ గుర్తే. రాస్తూ రాస్తూ ఉన్న డిస్కు కరెంటు పోయి ఆగిపోతే, మళ్ళీ ఆన్ చేసినప్పుడు మొదట పరిగెత్తేది ఎఫ్‌ఎస్‌సీకే. ఇప్పటి లైనక్సుల్లో ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే తాత్కాలిక చిన్న సిస్టం ముందే లేచి /యూఎస్ఆర్‌ని కూడా మౌంట్ చేసేస్తుంది కాబట్టి ఆ పాత అవసరం తీరిపోయింది. ఫెడోరా 2012లో 17వ వెర్షన్‌తో /బిన్, /ఎస్‌బిన్‌లను /యూఎస్ఆర్‌లోకి కలిపేసింది. డెబియన్ 12 నుంచి అలా కలిపిన అమరికే ఏకైక అమరిక. ఇప్పుడు డెబియన్‌లో /ఎస్‌బిన్ అంటే /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌కి లింకు మాత్రమే. అయినా బిన్, ఎస్‌బిన్ వేరువేరుగానే ఉన్నాయి.

ఏది ఎందులో ఉండాలో ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్ ఒక మంచి నియమం చెప్పింది. మామూలు యూజర్ ఎప్పుడైనా సరే నేరుగా నడిపే ప్రోగ్రామైతే బిన్‌లోనే ఉండాలి, యూజర్లు ఎస్‌బిన్‌ని పాత్‌లో పెట్టుకోవలసిన అవసరం రాకూడదు. నియమం బాగుంది కానీ ఆచరణలో గీత అంత శుభ్రంగా పడలేదు. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తయారుచేసే ఎంకేఎఫ్ఎస్‌నే చూడండి. అసలు డిస్కు మీద నడపాలంటే రూట్ కావాలి. అదే మీ హోమ్‌లో ఉన్న, డిస్కులా వాడుకునే ఒక ఇమేజ్ ఫైలు మీద నడపాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో పిల్లలు చేయవలసిన ప్రాక్టికలే అది. కానీ ప్రోగ్రాం ఉండేది ఎస్‌బిన్‌లో.

ప్రింటర్ ఆగిపోయిన ల్యాబు

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఎంపికల మధ్య తేడా ఇందులో బాగా తెలుస్తుంది. డెబియన్ మెషిన్, దానికి ప్రింటర్. పరీక్షల ముందర రికార్డుల ప్రింట్లు వరసగా నడుస్తున్నాయి. కాగితం ఇరుక్కుని, ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే ప్రోగ్రాం ఆ ప్రింటర్‌ని ఆపేసింది. ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి, "సార్, ప్రింటర్ పోజ్‌లో ఉండిపోనాది. కమాండు కొడితే లేదంటంది" అంటాడు. అతను కొట్టింది, ఆగిన ప్రింటర్‌ని మళ్ళీ నడిపించే కప్స్ఎనేబుల్. స్క్రీన్ మీద ఉన్నది: "బాష్: కప్స్ఎనేబుల్: కమాండ్ నాట్ ఫౌండ్".

ఆ ప్రోగ్రాం /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లో ఉంది. ఇక్కడ గమనించవలసిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దీనికి రూట్ అధికారం అవసరమే లేదు. ఎల్‌పీఅడ్మిన్ అనే గ్రూపులో ఉన్న ఎవరైనా ప్రింటర్లను నడిపించుకోవచ్చు, కప్స్ అడిగితే తమ పాస్‌వర్డే ఇస్తారు. అలాంటి చోట సుడో ఇవ్వడం అంటే ప్రింటర్ కోసం మెషిన్ మొత్తం రాసిచ్చేయడం. సుడో రూట్ పాత్‌తో వెతుకుతుంది కాబట్టి కమాండు దొరుకుతుంది, నిజమే. కానీ దొరకనిదాన్ని దొరికించడానికి సుడో మందు కాదు. అధికారం నిజంగా కావలసినప్పుడే సుడో. నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట ఇది ఒక్కటే. "నాట్ ఫౌండ్" వస్తే పాత్ సమస్య, "పర్మిషన్ డినైడ్" వస్తే అధికారం సమస్య. రెండింటికీ ఒకే మందు వేయకూడదు.

సరే, లింకు పెడదాం అనుకుందాం. /యూఎస్ఆర్/లోకల్/బిన్ అందరి పాత్‌లోనూ ఉంటుంది కాబట్టి అక్కడ ఒక సింబాలిక్ లింకు పెడితే చాలు. గుర్తుండేలా "ప్రింటర్‌ఆన్" అని పేరు పెట్టామనుకోండి. నడిపితే ఏం చేయాలో తెలియడం లేదంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎందుకంటే కప్స్ఎనేబుల్, కప్స్‌డిజేబుల్, కప్స్‌యాక్సెప్ట్, కప్స్‌రిజెక్ట్ నాలుగూ నిజానికి ఒకే ప్రోగ్రాం. తనని ఏ పేరుతో పిలిచారో చూసుకుని దాన్నిబట్టి పని చేస్తుంది. లింకుకి అసలు పేరే ఉంచితే పనిచేస్తుంది. ఎస్‌బిన్‌లో ఇలా పేరుని బట్టి నడిచేవి ఇంకా ఉన్నాయి. ఎంకేఈ2ఎఫ్‌ఎస్, ఎంకేఎఫ్‌ఎస్ డాట్ ఎక్స్‌టీ4 కూడా ఒకే ప్రోగ్రామే. ఒకటి రెండు కమాండ్లకి లింకు ఫరవాలేదు. పది అయ్యాక ఏది ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు, ప్యాకేజీ తీసేసినా లింకు చచ్చుపడి అక్కడే ఉండిపోతుంది. చిన్న పేరు కావాలంటే లింకు కన్నా, పూర్తి పాత్‌తో ఆ కమాండుని పిలిచే రెండు లైన్ల స్క్రిప్టు మేలు.

ఈ ల్యాబుకి నేను ఎంచుకునేది ఇలా ఉంటుంది. అసిస్టెంట్‌ని ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో చేర్చి, మళ్ళీ లాగిన్ అవ్వమని చెప్పి, అతని పాత్ చివర /యూఎస్ఆర్/ఎస్‌బిన్ చేర్చడం. సుడో లేదు, లింకులు లేవు.

పాత్ ఎక్కడ మార్చాలి

ఒక్కరి కోసమైతే ఆ యూజర్ హోమ్‌లోని డాట్ ప్రొఫైల్ ఫైలు. బాష్‌ఆర్‌సీలో పెట్టే అలవాటు ఎక్కువ కానీ, అది టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడుస్తుంది. షెల్ లోపల ఇంకో షెల్ తెరిస్తే అదే డైరెక్టరీ మళ్ళీ చేరుతుంది. డాట్ ప్రొఫైల్ లాగిన్ అయినప్పుడు ఒకసారి నడుస్తుంది, పాత్‌కి అదే తగిన చోటు. మార్చాక లాగౌట్ అయి లాగిన్ అవ్వాలి. "మార్చాను, పనిచేయడం లేదు" అని వచ్చేవాళ్ళలో చాలామంది ఈ మెట్టు దాటవేసినవాళ్ళే.

మెషిన్‌లో అందరికీ కావాలంటే /ఈటీసీ/ప్రొఫైల్.డి డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు పెట్టండి. డెబియన్‌లో దాని పేరు డాట్ ఎస్‌హెచ్‌తో ముగియాలి, లేకపోతే చదవదు. /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ సులువుగా కనబడుతుంది, ఉబుంటులో చూసి నేర్చుకున్నవాళ్ళు అక్కడికే వెళతారు. కానీ డెబియన్‌లో లాగిన్ షెల్ మొదలైనప్పుడు /ఈటీసీ/ప్రొఫైల్ పాత్‌ని మొదటినుంచీ తిరగరాస్తుంది, మీరు ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టింది చెరిగిపోతుంది. ప్రొఫైల్.డి ఫైళ్ళను ఆ తిరగరాత అయ్యాకే చదువుతుంది. అందుకే అది నిలుస్తుంది. పైగా ఎన్విరాన్‌మెంట్ ఫైలు షెల్ స్క్రిప్టు కాదు, అందులో పాత విలువకి కొత్తది జోడించు అంటే అర్థం చేసుకోదు.

ఎస్‌బిన్‌ని ఎప్పుడూ చివర్నే చేర్చండి. ఇక పాత్‌లో చుక్కని, అంటే ఇప్పుడున్న డైరెక్టరీని, ఎవరు చెప్పినా చేర్చకండి. రూట్ పాత్‌లో చుక్క ముందర ఉండి, షేర్డ్ ఫోల్డర్లో ఎవరో ఎల్ఎస్ అనే పేరుతో తమ స్క్రిప్టు పెట్టి ఉంచితే, ల్యాబ్ చూసుకునేవాళ్ళు రూట్‌గా ఆ ఫోల్డర్లోకి వెళ్ళి ఎల్ఎస్ కొట్టగానే ఆ స్క్రిప్టు రూట్ అధికారంతో నడుస్తుంది. చుక్క పెట్టకపోయినా, రెండు కోలన్లు పక్కపక్కన పడినా, చివర్లో ఒక కోలన్ మిగిలిపోయినా అర్థం అదే. ఖాళీ చోటు అంటే ఇప్పుడున్న డైరెక్టరీ అని షెల్ తీసుకుంటుంది. సుడో ఇవ్వడం గురించి జాగ్రత్తపడేవాళ్ళు కూడా ఈ కోలన్ని పట్టించుకోరు. దయచేసి ఎకో కమాండుతో పాత్‌ని ఒకసారి చూసుకోండి.

రూట్‌గా మారడానికి ఎస్‌యూ కమాండు వాడేవాళ్ళకి ఒక మాట. డెబియన్ 10 నుంచి, అంటే 2019 నుంచి, ఉట్టి ఎస్‌యూ కొడితే రూట్ అవుతారు గానీ పాత్ మాత్రం మీ పాతదే ఉంటుంది. రూట్ అయ్యాక కూడా యూజర్‌మాడ్ దొరకదు. ఎస్‌యూ తర్వాత ఖాళీ వదిలి ఒక మైనస్ పెడితే పూర్తి రూట్ లాగిన్ వస్తుంది, పాత్‌తో సహా. పాత పుస్తకాల్లో, పాత నోట్సుల్లో మైనస్ ఉండదు, ఆ నోట్సు చూసి చేసే పిల్లలు తమదే తప్పనుకుంటారు.

రాత్రిపూట నడిచేవాటి సంగతి వేరు

నిర్ణయించిన వేళకి పనులు నడిపే క్రాన్ ద్వారా జరిగేవాటికి పైన చెప్పిన ప్రొఫైల్ మార్పులేవీ వర్తించవు. క్రాన్ మీ డాట్ ప్రొఫైల్ చదవదు. డెబియన్‌లో యూజర్ క్రాన్‌ట్యాబ్‌కి, అంటే క్రాన్ పనుల జాబితాకి, దొరికే పాత్ /యూఎస్ఆర్/బిన్, /బిన్ రెండే. పగలు టెర్మినల్లో చక్కగా నడిచిన బ్యాకప్ స్క్రిప్టు, లోపల బీఎల్‌కేఐడీ లాంటి ఎస్‌బిన్ కమాండు ఉంటే, రాత్రి నడవదు. మెయిల్ అమర్చుకోని మెషిన్‌లో ఆ సంగతి ఎవరికీ చెప్పదు కూడా. ఇక్కడ పూర్తి పాత్ రాయడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. మనిషి చేత్తో కొట్టడానికి అది విసుగు, స్క్రిప్టుకి విసుగు ఉండదు. పూర్తి పాత్‌లు వద్దనుకుంటే స్క్రిప్టు మొదటి లైన్లలోనే పాత్‌ని మీరే నిర్ణయించండి. అప్పుడు ఎవరు నడిపినా ఒకేలా నడుస్తుంది.

మీ సొంత స్క్రిప్టులు ఎక్కడ

మీరొక్కరే వాడేదైతే హోమ్‌లో డాట్ లోకల్ కింద బిన్. డెబియన్, ఉబుంటు రెండింటిలోనూ ఆ డైరెక్టరీ ఉంటే డాట్ ప్రొఫైల్ దాన్ని పాత్ ముందర చేరుస్తుంది. లేకపోతే చేర్చదు కాబట్టి, కొత్తగా డైరెక్టరీ చేసినవాళ్ళు మళ్ళీ లాగిన్ అవ్వాలి. ముందర చేరుతుంది కాబట్టి అక్కడ సిస్టం కమాండు పేరుతో ఏదైనా ఉంటే అదే నడుస్తుంది. ఏది నడుస్తోందో అనుమానం వస్తే టైప్ కమాండుకి మైనస్ ఏ ఇచ్చి పేరు రాయండి, పాత్‌లో ఆ పేరుతో ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. ఫైలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాక బాష్ పాత చోటే గుర్తుపెట్టుకుని ఇబ్బంది పెడితే హ్యాష్ మైనస్ ఆర్ కొట్టండి.

అందరూ వాడేది /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లోకి. యూజర్ అకౌంట్లు సృష్టించే స్క్రిప్టు, బ్యాకప్ స్క్రిప్టు లాంటి అడ్మిన్ పనులు /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లోకి. ఈ రెండూ మెషిన్ చూసుకునేవాళ్ళ సొంత జాగా, డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలు అక్కడ చేయి పెట్టవు. /యూఎస్ఆర్/బిన్‌లో మాత్రం ఏదీ పెట్టకండి. అది ప్యాకేజీ మేనేజర్ జాగా. రేపు అదే పేరుతో ఒక ప్యాకేజీ వస్తే, డెబియన్‌లో ప్యాకేజీలు వేసే డీపీకేజీ మీ ఫైలు మీద అడక్కుండా రాసేస్తుంది, ఎందుకంటే ఆ ఫైలు ఏ ప్యాకేజీదీ కాదు. కంపెనీలు ఇచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్లు /ఆప్ట్ కింద తమ డైరెక్టరీలో ఉండనివ్వండి, పిలవవలసిన ఒక్క ప్రోగ్రాంకి /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో లింకు చాలు.

ఆల్మా, రాకీ లాంటివి ఉన్న రెడ్ హ్యాట్ కుటుంబంలో ఒక చిక్కుంది. అక్కడ సుడో సొంతంగా వాడే పాత్, సెక్యూర్ పాత్ అంటారు, చాలా వెర్షన్లలో /యూఎస్ఆర్/లోకల్ డైరెక్టరీలు లేకుండా వస్తుంది. మీ స్క్రిప్టు మామూలుగా దొరుకుతుంది, ముందర సుడో పెడితే దొరకదు. ఇది డెబియన్‌లో చూసినదానికి సరిగ్గా తలకిందులు. వీసుడో కమాండుతో, సుడో నియమాలుండే సుడోయర్స్ ఫైలు తెరిచి సెక్యూర్ పాత్‌లో ఆ రెండు డైరెక్టరీలు చేర్చుకోవచ్చు. ఒక్క స్క్రిప్టే ఉంటే సుడో తర్వాత పూర్తి పాత్ రాసుకుంటే సరిపోతుంది. అక్కడ హోమ్ డైరెక్టరీలని మాత్రం చేర్చకండి. యూజర్ రాయగలిగిన చోటుని రూట్ నమ్మడం మొదలుపెడితే సెక్యూర్ పాత్ ఉన్న ప్రయోజనమే పోతుంది.

మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో మామూలు యూజర్ పాత్‌లోనే ఎస్‌బిన్లు ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది రాదు. ఫ్రీబీఎస్‌డీలో /యూఎస్ఆర్/లోకల్ అర్థమే వేరు. అక్కడ ప్యాకేజీలు దిగేది దాంట్లోనే, కాబట్టి పైన చెప్పిన "మన సొంత జాగా" అనే మాట అక్కడ చెల్లదు. హోమ్‌లోని బిన్ వాడుకోండి.

కొత్త లైనక్సులు ఈ విభజనని మెల్లగా తీసేస్తున్నాయి. ఆర్చ్ 2013లోనే ఎస్‌బిన్‌ని /యూఎస్ఆర్/బిన్‌కి లింకుగా మార్చింది. ఫెడోరా 2025లో 42వ వెర్షన్‌తో అదే పని చేసింది. డెబియన్ 13 వరకూ మాత్రం రెండూ వేరే. కొత్తగా ల్యాబు పెడుతున్నవాళ్ళు దీనికోసం డిస్ట్రిబ్యూషన్ మార్చనక్కర్లేదు, ప్రొఫైల్.డి ఫైలు ఒక్కటీ పెట్టడానికి నిమిషం చాలు. స్క్రిప్టుల్లో పాత /యూఎస్ఆర్/ఎస్‌బిన్ పాత్‌లు రాసి ఉన్నా, కలిపేసిన సిస్టముల్లో లింకు ఉంది కాబట్టి అవి నడుస్తాయి. తిరగేసి చేస్తేనే ఇబ్బంది. ఫెడోరాలో /యూఎస్ఆర్/బిన్/ఎఫ్‌డిస్క్ అని రాసిన స్క్రిప్టుని ల్యాబులోని డెబియన్‌కి తెస్తే అక్కడ ఆ ఫైలు ఉండదు. రెండు చోట్లా నడవాల్సిన స్క్రిప్టుకి ఎస్‌బిన్ పాతే రాయండి.